ఇంజనీరింగు విద్యయు, ఊరి చెరువును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున భారతమో, ప్రబంధమో ప్రసంగవస్తువు కావలసియుండగా ఇంజనీరింగు విద్యను గూర్చి ముచ్చటించుట కొందరికి వింతగా దోచవచ్చును. కాని కారణము లేకపోలేదు. ప్రతి వేసవియందును పరీక్షాఫలితములు వెలువడిన నాటినుండి ఈ గ్రంథాలయపు అరుగుపై నడచు చర్చ ఒక్కటే. పిల్లవానిని ఇంజనీరింగులో చేర్చవలెనా? ఎక్కడ చేర్చవలెను? ఎంత ఖర్చగును? చేరినవాడు చదివి బయటపడునా? వేరుసెనగ చేతికి వచ్చునో రాదో, బోరు పారునో ఎండునో అను విచారముతో పాటు ఈ విచారము కూడ కంబదూరులో ఇంటింట నెలకొన్నది. ఆ ప్రశ్నలకు ఈ సీమ చరిత్రనుండి దొరకెడి సమాధానము నొకదానిని సభవారి ముందుంచుటయే ఈ ప్రసంగోద్దేశము.

ఇంజనీరు అను మాట ఇంగ్లీషుదే గాని, ఆ పని చేయువాడు ఈ సీమకు క్రొత్తవాడు కాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడెడి పీఠభూమి యిది. ఆ వానయు కొలదిదినములలో కురిసి పోవును. ఇట్టిచోట మనుష్యుడు నిలిచి బ్రతుకుటకు చెరువే ఆధారమైనది. చెరువు కట్టుట పారతోను, తట్టతోను మాత్రమే అగు పని కాదు. లెక్కతో కూడిన పని. 1388 నాటి శాసనమొకటి ఈ విషయమున మిక్కిలి గమనింపదగినది. పెనుగొండను పాలించుచుండిన విజయనగర రాజకుమారుడు బుక్కరాయలు ఆనతి నీయగా, సింగయభట్టను జలసూత్ర విద్వాంసుడు హెన్నేరు నీటిని, అనగా పెన్న నీటిని, సిరువేర చెరువునకు కాలువ త్రవ్వి మళ్లించెనని అందు వ్రాయబడినది. కాలువకు ప్రతాప బుక్కరాయ మండల కాలువయని రాజు పేరే పెట్టిరి. అయినను కాలువ నడిపినవాని పేరును, అతని విద్యను శాసనము విడిచిపెట్టలేదు.

అంతకు పందొమ్మిదేండ్లకు పూర్వము, 1369లో, కడపసీమలోని పోరుమామిళ్లయందు మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు గొప్ప చెరువు నొకదానిని కట్టించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పనిచేసినట్లు అచ్చటి సంస్కృత శాసనము తెలుపుచున్నది. దానికంటె విలువైన విషయము మరియొకటి ఆ రాళ్లపై నున్నది. మంచి చెరువునకు పండ్రెండు సాధనములును, దానిని చెరుపునట్టి ఆరు దోషములును అందు వరుసగా లెక్కింపబడినవి.

సాధనములలో మొదటిది ధర్మపరుడును, ధనవంతుడును, నిలుచు కీర్తిని కోరువాడునైన ప్రభువు. రెండవది జలశాస్త్రము నెఱిగిన విద్వాంసుడు. పిమ్మట గట్టి మన్నుగల నేల, తియ్యని నీరు తెచ్చెడి యేఱు, కట్టకు రెండువైపుల ఆనుకొనెడి కొండ, మిక్కిలి పొడవు గాక దిట్టముగా నుండెడి రాతికట్ట, లోతును వైశాల్యమును గల గర్భము, చక్కని పొడుగాటి రాళ్లు దొరకెడి గని, సారవంతమైన పొలములు మొదలైనవి చెప్పబడినవి. చిట్టచివర చెప్పబడినది పనియందు నేర్పుగల కూలిజనము. డబ్బుగల ప్రభువును, చేతిపనివారును ఆ పట్టికకు రెండు కొనలయందుండగా, ఆ యిద్దరి నడుమ శాస్త్రమెఱిగినవాడు నిలువనిదే చెరువు లేదు. ఆ శాస్త్రమెఱిగినవాని స్థానమునకు తగినవారిని తయారుచేయు విద్యయే నేటి ఇంజనీరింగు విద్య.

చెరువును గూర్చి మరియొక మాట. దానిని త్రవ్విన వేయిమంది కూలీలలో ఎందరు దాని క్రింద పైరు పెట్టిరి? కట్టకు రాయి మోసినవాని మనుమడు అనుభవించునట్లు కట్టినదే చెరువు. ప్రభుత్వ విశ్వవిద్యాలయము కూడ సరిగా అట్టిదే.

దక్షిణదేశమున ఇంజనీరింగు విద్యకు మూలము మద్రాసులో 1794లో నెలకొల్పబడిన సర్వే పాఠశాల. అదియే పెరిగి గిండీ ఇంజనీరింగు కళాశాల యయ్యెను. రాయలసీమ బాలుడు ఇంజనీరు కాదలచినచో చాలకాలము రైలెక్కి అంతదూరము పోవలసి యుండెను. 1946లో పుట్టిన అనంతపురపు ఇంజనీరింగు కళాశాల ఆ దూరమును తగ్గించెను. అది మొదట మద్రాసు విశ్వవిద్యాలయమునకును, తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసిన పిమ్మట దానికిని అనుబంధమై యుండెను. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు అందు చేరెను. 2008లో ఆ విశ్వవిద్యాలయము విభజింపబడగా అనంతపురమే ఒక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు పీఠమైనది. కరవుసీమయని పేరుపడిన జిల్లాకు ఇది చిన్న విషయము కాదు.

ఆ కళాశాలలోని యంత్రములు, ప్రయోగశాలలు, గ్రంథాలయము, ఆచార్యుల జీతములు వీని ఖర్చులో విద్యార్థి చెల్లించు రుసుము అల్పభాగము. తక్కినది ప్రజలది. ఎన్నడును కళాశాల గుమ్మము త్రొక్కని కూలివాడు సబ్బుబిళ్ల కొన్నప్పుడు చెల్లించిన పన్నుకూడ అందున్నది. ఈ సంగతిని అచ్చట చేరెడి ప్రతి బాలుడును, బాలికయు మొదటిదినముననే గుర్తెఱుగవలెను. ఆ చదువు ఎవరో పెట్టిన భిక్షము కాదు. అట్లని సొంత ఆస్తియు కాదు. అది ఊరుమ్మడి చెరువు నీరు.

ఇక అచ్చట నేర్పునదేమి? బి.టెక్. అనునది నాలుగేండ్ల చదువు. సంవత్సరమునకు రెండు సెమిస్టర్ల చొప్పున మొత్తము ఎనిమిది. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్సు, కంప్యూటరు మొదలైన శాఖలు గలవు. ఏ శాఖ యైనను మొదటి సంవత్సరమున గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, ఇంగ్లీషు, డ్రాయింగు, వర్క్‌షాపు, కంప్యూటరు ప్రోగ్రామింగు వంటి పునాది పాఠములు తప్పవు. "కట్టలు కట్టువానికి ఇంత గణితమెందులకు?" అని అడుగువారు గలరు. ఒక్క ఉదాహరణము చాలును.

నిండిన చెరువు ఎన్ని ఎకరములు పరచుకొన్నదో దానినిబట్టి కట్టపై ఒత్తిడి యుండునని సామాన్యుల తలంపు. అది నిజము కాదు. కట్టవద్ద నీరు ఎంత లోతున్నదో దానినిబట్టి ఒత్తిడి యుండును. పది మీటర్ల లోతున చదరపు మీటరునకు సుమారు పది టన్నుల ఒత్తిడి. లోతు రెట్టింపైనచో, కట్టయొక్క ఒక్కొక్క మీటరు నిడివిపై పడెడి మొత్తపు త్రోపుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. కట్టను అడుగున వెడల్పుగను, పైన సన్నముగను కట్టుటకు ఇది ముఖ్యకారణము. పూర్వులు దీనిని అనుభవముచే ఎఱిగిరి. నేటి విద్యార్థి గణితముచే ఎఱుగును. అనుభవముచే ఎఱుగుటకు ఎన్ని కట్టలు తెగవలెనో యోచింపుడు. గణితము ఆ నష్టమును కాగితముమీదనే తీర్చివేయును.

మరియొకటి. ఒక ఎకరముపై ఒక్క సెంటీమీటరు వాన కురిసినచో పడెడి నీరు సుమారు నలువదివేల లీటర్లు. అందులో భూమి త్రాగునది యెంత, ఎండకు ఆవిరియగునది యెంత, వంకలో బడి చెరువు చేరునది యెంత? ఈ లెక్క తేలనిదే తూము ఎంత ఉండవలెనో, మరువ ఎంత పొడవుండవలెనో చెప్పుటకు వీలులేదు. సర్వే పాఠమున భూమిని కొలుచుట నేర్పుదురు. 66 అడుగుల గొలుసు, అందు నూరు లింకులు, ఒక చదరపు గొలుసునకు పది సెంట్లు, పది చదరపు గొలుసులకు ఒక ఎకరము అను లెక్క పల్లె దస్తరములలో తరతరములుగా నున్నదే. ఆ గొలుసు స్థానమున క్రొత్త పరికరములు వచ్చినవి గాని, కొలత తప్పినచో తగవు తప్పదను నీతి మారలేదు. డ్రాయింగున ఒకే వస్తువును పైనుండి, ముందునుండి, ప్రక్కనుండి చూచినట్లును, నడుమ కోసి చూచినట్లును గీయవలెను. వర్క్‌షాపున బాడిసె, ఆకురాయి పట్టవలెను. వడ్రంగి కొడుకు, కమ్మరి కొడుకు ఆ గదిలో ఎవరికిని తీసిపోరు. ఒక్కొక్కప్పుడు పట్టణపు పిల్లలకు వారే గురువులగుదురు.

ఇంతవరకు సాధనముల మాట. ఇక దోషములు. పోరుమామిళ్ల శాసనమున చెరువునకు చెప్పబడిన ఆరు దోషములును ఈ చదువునకు కూడ చక్కగా అన్వయించుచున్నవి. తండ్రులకును, పిల్లలకును అవసరమైనది ఈ భాగమే.

మొదటి దోషము కట్టనుండి నీరు ఊరుట. చెరువు ఒక్కమారుగా తెగదు. చీమబొక్కంత చెమ్మతో మొదలగును. మొదటి సెమిస్టరున గణితములోనో, డ్రాయింగులోనో ఒక పాఠము తప్పినవాడు "తరువాత చూచుకొందము" అని యూరకుండును. దానికి బ్యాక్‌లాగు అని పేరు. మరుసటి పాఠములు దానిమీదనే కట్టబడియుండును గనుక అవియు తప్పును. మూడవ ఏట తండ్రికి తెలియునాటికి ఊట గండియై యుండును. చెమ్మ కనబడిన దినముననే మన్ను వేయుట నీరుగంటి ధర్మము. తప్పిన పాఠమును ఆ సెలవులలోనే మరల చదివి గట్టెక్కుట విద్యార్థి ధర్మము. తప్పితినని ఇంటిలో దాచకుండుట అంతకంటె గొప్ప ధర్మము. దాచకుండ చెప్పగల ధైర్యమును పిల్లవానికి కలిగించుట తండ్రి ధర్మము.

రెండవది చవుడునేల. ఎంత మంచి కట్ట వేసినను చవుటినేలలో నీరు చెడును. గణితమందును, యంత్రములందును ఏమాత్రము అభిరుచి లేని పిల్లవానిని ఎదురింటివాని కుమారుడు చేరెను గనుక ఇంజనీరింగులో చేర్చుట ఇట్టిదే. నేల చెడ్డది కాదు, ఆ పైరు దానికి తగదు, అంతియే. వ్యవసాయశాస్త్రము, పశువైద్యము, ఉపాధ్యాయవిద్య, వర్తకశాస్త్రము ఇవియు విద్యలే. చేర్చుటకు ముందు పిల్లవానిని ఒక్కమాట అడుగుడు. ఆడపిల్లనైతే తప్పక అడుగుడు, ఏలయన ఆమెను అడుగు వాడుక ఇంకను తక్కువ.

ఆడపిల్లల ప్రసక్తి వచ్చినది గనుక ఒక తెనుగు వనిత కథ చెప్పవలసియున్నది. మద్రాసులోని తెలుగు కుటుంబమున 1919లో జన్మించిన అయ్యలసోమయాజుల లలితకు పదునైదవ యేట వివాహమయ్యెను. ఒడిలో నాలుగునెలల బిడ్డ యుండగా భర్త గతించెను. ఆ కాలమున అట్టి స్త్రీకి మిగిలినది ఇంటిమూలయే. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ఆచార్యుడు. ఆయన కుమార్తెను మూల గూర్చుండనీయక తన కళాశాలయందే చేర్పించెను. వందలాది మగపిల్లల నడుమ చదివి ఆమె 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరై బయటకు వచ్చెను. పట్టాకాగితముపై "అతడు" అను మాటయే అచ్చుపడియుండుటచే దానిని కొట్టివేసి "ఆమె" అని వ్రాయవలసి వచ్చెను. తరువాత భాక్రానంగల్ ఆనకట్టనుండి విద్యుచ్ఛక్తిని చేరవేయు తీగమార్గముల పనియందు ఆమె పాలుపంచుకొనెను. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశమునకు హాజరయ్యెను. ఒక తండ్రి మనస్సు మారుటచే ఎంత మారినదో చూడుడు.

మూడవ దోషము చెరువు రెండు రాజ్యముల సరిహద్దున నుండుట. అట్టి చెరువును ఉభయులును వాడుకొందురు గాని ఎవరును బాగుచేయరు. తెలుగులో చదివిన పిల్లవాడు ఇంగ్లీషులో పాఠము చెప్పెడి కళాశాలలో అడుగిడినప్పుడు సరిగా ఈ సరిహద్దునే నిలుచుచున్నాడు. లెక్క వచ్చును, మాట రాదు. విషయము తెలియును, వాక్యము తెలియదు. ఆచార్యుడు చెప్పినది సగము అర్థమై, తక్కిన సగమును కంఠస్థము చేయును. తెలివిగల పల్లెటూరి పిల్లలు మొదటి ఏట వెనుకబడుటకు ముఖ్యకారణము బుద్ధిలోపము గాదు, ఈ సరిహద్దే. దీనికి విరుగుడు కలదు. కంబదూరు ప్రాంతపువారికి రెండు భాషల నడుమ బ్రదుకుట క్రొత్త కాదు. కన్నడము, తెలుగు ఒకే సంతలో మాటలాడుదురు. పుస్తకము చూచి నేర్చినది కాదది, జంకు లేక మాటాడుటచే వచ్చినది. ఇంగ్లీషునకును అదే దారి. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమి ప్రకటించిన పారిభాషిక పదకోశములు ఈ పనికే పుట్టినవి. ఒత్తిడి, త్రోపుడు, వాలు, వేగము అను మాటలను తెలుగున బాగుగా గ్రహించినవానికి వాని ఇంగ్లీషు పేర్లు నేర్చుకొనుట నెలదినముల పని. విషయము గ్రహింపక పేర్లు మాత్రము నేర్చినవానికి నాలుగేండ్లును చాలవు.

నాలుగవది చెరువు గర్భమున మిట్ట యుండుట. పైకి నిండుగా గనబడినను లోపల నీరు తక్కువ. విద్యార్థి యందలి మిట్ట రెండు విధములు. ఒకటి గర్వము. ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు వచ్చినదని ఇక చదువనక్కరలేదను తలంపు. రెండవది సిగ్గు. ఇది పల్లెపిల్లలకు మెండు. సందేహము వచ్చినను లేచి అడుగరు. నవ్వుదురేమో యని భయము. గర్వమును లోకమే త్రవ్వివేయును. సిగ్గు మాత్రము లోపలనే గడ్డకట్టుకొనిపోవును. కట్ట ఎందుకు సన్నగిల్లినదని అడుగుటకు రైతు సిగ్గుపడునా? ఒక్క నవ్వునకు వెఱచి ఒక సంవత్సరమును పోగొట్టుకొనుట తెలివి కాదు.

ఐదవ దోషము నీరు కొంచెము, ఆయకట్టు మెండు. ఈ కరవుసీమ రైతునకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. ఒక్క పిల్లవాని చదువు క్రింద ఇల్లంతటి ఆశలను ఆయకట్టుగా వ్రాసికొనుట కద్దు. బోరుకు చేసిన అప్పు వాడే తీర్చవలెను, చెల్లెలి పెండ్లి వాడే చేయవలెను, మిద్దె వాడే వేయవలెను. ఈ బరువును మోయుచు వాడు గణితము చదువవలెను. పైగా ప్రభుత్వ కళాశాలలో చోటు దొరకనిచో రెండెకరముల చేను అమ్మి ఎక్కడనో చేర్చుటయు కలదు. చదువు ముగియునాటికి చేనును లేదు, వెంటనే ఉద్యోగమును లేదు. చేనమ్ముటకు ముందు తక్కిన దారులు చూడవలెను.

దారులు లేకపోలేదు. పదవ తరగతి పిమ్మట పాలిటెక్నిక్ డిప్లొమా చదివి, ఈసెట్ పరీక్ష వ్రాసి, బి.టెక్. రెండవ సంవత్సరమున నేరుగా చేరవచ్చును. చేతికి పనియు వచ్చును, ఖర్చును తగ్గును. 2008లో గ్రామీణ విద్యార్థుల కొఱకే రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. దాని ప్రాంగణములలో నొకటి కడపసీమలోని ఇడుపులపాయలో నున్నది. అచ్చట పదవ తరగతి మార్కులనుబట్టి చేర్చుకొని, రెండేండ్లు పునాది చదువును, నాలుగేండ్లు బి.టెక్.ను ఒక్కచోటనే చెప్పుదురు. ఈ సంగతులు తెలియక దళారుల మాట నమ్మి పోయెడివారు ఇంకను ఉన్నారు. ఫారము నింపుటకు ముందు ఆ కాగితమును పట్టుకొని గ్రంథాలయమునకు రండు. చదివి చెప్పువారు దొరకుదురు.

డబ్బులేమి చదువునకు అడ్డము గాదనుటకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవితము సాక్ష్యము. ఇంటిపేరైన మోక్షగుండము గిద్దలూరు ప్రాంతపు గ్రామమే. చిన్నతనముననే తండ్రి గతింపగా, ఆయన బెంగళూరులో ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి పొట్టపోసికొనుచు చదివెను. పిమ్మట మైసూరు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో పూనా కళాశాలలో ఇంజనీరింగు చదివి 1883లో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. ప్రజల సొమ్ముతో చదివినవాడు ప్రజలకు ఎట్లు తిరిగి చెల్లించెనో అందరెఱిగినదే. కృష్ణరాజసాగరము మైసూరు సీమకు దక్కెను. 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచగా వరదలను అరికట్టు ఉపాయము చెప్పుటకు ఆయననే పిలిచిరి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు ఆ యాలోచన ఫలములు.

అట్లే కంకిపాడున 1902లో పుట్టిన కానూరి లక్ష్మణరావు. బాల్యమున ఒక కంటిచూపు పోయినను గిండీలో చదివి, 1939లో బర్మింగుహాము విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, నాగార్జునసాగరమువంటి మహానిర్మాణమునకు తోడ్పడెను. సన్నని గీతలతో నిండిన పటములే ఇంజనీరు పుస్తకములు. వానిని ఒంటికంటితో చదివినవాడు దేశపు నదులన్నింటిని ఒక్క పటముగా చూడగలిగెను.

ఆరవది, కడపటిది, నీరు మెండు, నేల కొంచెము. ఇది వినుటకు దోషమువలె గనబడదు. కాని దీనివలన కట్టలు తెగుటయు కలదు. కోచింగు తరగతులు, గుట్టలకొలది మెటీరియలు, చేతిలోని ఫోనులో రేయింబవళ్లు ప్రవహించు పాఠములు ఇవి యన్నియు ఒక చిన్న బుఱ్ఱలోనికి ఒక్కమారుగా వచ్చిపడుచున్నవి. ఒక పుస్తకమును నాలుగుమారులు చదివి, ప్రతి లెక్కను స్వహస్తముతో చేసినవాడు నాలుగు పుస్తకములను ఒక్కొక్కమారు త్రిప్పినవానికంటె మేలు.

నీటితోపాటు ఒత్తిడియు పెరుగును. లోతు రెట్టింపైనచో త్రోపుడు నాలుగు రెట్లని ఇంతకుముందు చెప్పబడినది. అది మనస్సునకును వర్తించును. పరీక్ష తప్పినదని, ర్యాంకు రాలేదని, తండ్రికి మొగము చూపలేమని ప్రాణములు తీసికొన్న పిల్లల వార్తలు పత్రికలలో చదువునపుడు ఏ తల్లి కడుపు తరుగుకొనిపోదు? అందుచే మంచి చెరువునకు మరువ తప్పక కట్టుదురు. నిండినప్పుడు నీరు పొరలిపోవుటకు ఒక దారి యుండవలెను. పిల్లవానికి ఆ మరువ ఎవరు? తల్లియో, అన్నయో, ఒక స్నేహితుడో, ఒక ఉపాధ్యాయుడో. "తప్పినను ఫరవాలేదు, ఇంటికి రా" అను ఒక్కమాట చాలును. తప్పిన పరీక్షను మరల వ్రాయవచ్చును. కట్ట తెగిన చెరువులను ఈ సీమవారు ఎన్నిమారులు మరల కట్టుకొనలేదు? పోయిన ప్రాణమును మాత్రము ఏ ఇంజనీరును కట్టలేడు.

ఈ ఆరు దోషములను దాటి పట్టా పుచ్చుకొన్నవానికి ఊరితో సంబంధము తీరినదా? బెంగళూరో, హైదరాబాదో, అమెరికాయో పోయి ఉద్యోగము చేయుట తప్పు గాదు. ఎండిన చేనివద్ద కూర్చుండుమని ఎవరును శాసింపరాదు. కాని పూర్వము కుడిమరామత్తు అను ధర్మ మొకటి యుండెను. చెరువు క్రింద సాగుచేయు ప్రతి కుటుంబమును ఏటేట కొన్నిదినములు తమ శ్రమను చెరువునకు ఈయవలెను. పూడిక తీయుట, కట్టకు మన్ను వేయుట, కాలువ చక్కబెట్టుట ఎవరో వచ్చి చేయు పనులు గావు. ఆ ధర్మము సడలిన పిమ్మటనే అనేకములైన చెరువులు పూడిపోయినవి. నేడు శ్రీశైలము నీటిని మెట్టుమెట్టుగా ఎత్తి హంద్రీ-నీవా కాలువద్వారా ఈ జిల్లాకు తెచ్చుచున్నారు. నీరు ఎంతదూరమునుండి వచ్చినను దానిని పట్టి నిలుపుకొనునది ఊరి చెరువే గదా.

కావున ఈ రజతోత్సవ సమయమున ఒక చిన్న కుడిమరామత్తు ప్రతిపాదన. ఇంజనీరింగు చదివిన, చదువుచున్న ఈ ప్రాంతపు బిడ్డలు తమ పాత పుస్తకములను, స్వయముగా వ్రాసికొన్న నోట్సును, డ్రాయింగు బల్లను, పరికరములపెట్టెను గ్రంథాలయమునకు ఈయవలెను. సెలవులకు వచ్చినప్పుడు పదిదినములు, దినమునకు ఒక గంట, ఇంటర్మీడియటు పిల్లలకు గణితమును ఇంగ్లీషులో ఎట్లు చదువవలెనో చెప్పవలెను. గ్రంథాలయమువారు పదకోశములను, గణితగ్రంథములను ఒక అలమరలో వేరుగా నుంచి, రాత్రి తొమ్మిదింటివరకు దీపముంచవలెను. తల్లిదండ్రులు, ఆడపిల్లలును ఆ దీపము క్రింద కూర్చుండునట్లు చూడవలెను. దీనికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు.

1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు గ్రంథాలయోద్యమమునకు పునాదిరాళ్లు వేసినప్పుడు వారివద్ద ధనము లేదు. ఊరూర చదువరులు తయారగుదురను నమ్మకము మాత్రముండెను. కంబదూరులో ఒక గది, కొన్ని అలమరలు, ఇరువదియైదేండ్ల చందాల పుస్తకము ఆ నమ్మకమునకు ఒక చిన్న రుజువు. ప్రాచీన శిలాలయములు గల ఈ గ్రామమున రాయిని కొలిచి, చెక్కి, నిలిపినవారి చేతిపని నేటికిని కంటికి కనబడుచున్నది. వారి పేర్లు తెలియవు. వారి లెక్క తప్పలేదని మాత్రము తెలియును.

రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ గ్రంథాలయపు దీపము క్రింద చదివిన ఒక బాలిక, అనంతపురముననో మరెక్కడనో పట్టా పుచ్చుకొని తిరిగివచ్చి, ఈ ఊరి చెరువుకట్టపై లెవెలు యంత్రము నిలువబెట్టి, "ఇచ్చట కట్ట ఒక మూరెడు తగ్గినది, వాన రాకముందే మన్ను వేయుడు" అని చెప్పునట్టి దినము రావలెను. ఆమె మాట విని పార పట్టుకొని వచ్చెడి జనము కూడ ఆనాటికి ఉండవలెను. ఆ రెండును కూడిననాడు పోరుమామిళ్ల రాతిపై నున్న పట్టిక ఇచ్చట నిజమగును.

 గ్రంథాలయము దినదినాభివృద్ధి నొందుగాక. వానలు సకాలమున కురియుగాక. స్వస్తి.